సెంటర్లలో సర్వశ్రేష్ఠుడెవరు? – ఒక పరిశీలన

"ఎవరు గొప్ప?" అనే ప్రశ్న మన ప్రాంతానికి కొత్తది కాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె పరిసరాలలో ఒక తరం వారు పద్యనాటకాలు చూచి, శ్రీకృష్ణ పాత్రధారులలో ఎవరు మేటి అని వాదించుకున్నారు. తరువాతి తరం వారు సినిమా నటులను గురించీ, ఆ తరువాతి వారు క్రికెట్ వీరులను గురించీ వాదించుకున్నారు. నేడు బాస్కెట్‌బాల్ కోర్టు వద్ద చేరిన విద్యార్థులలో ఇదే వాదం వినవస్తున్నది. భిన్న కాలాలకు చెందిన సెంటర్లలో సర్వశ్రేష్ఠుడు ఎవరు? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పుటకు ముందు, ఆ సమాధానాన్ని ఏ కొలబద్దతో కొలవాలో విచారించడం ఈ వ్యాసోద్దేశం.

సెంటర్ అనగా ఎవరు?

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు ఈ క్రీడను రూపొందించాడు. ఆనాడు పండ్ల బుట్టను 10 అడుగుల ఎత్తున కట్టాడు. ఆ ఎత్తు నేటికీ మారలేదు. మారినవి తక్కిన నియమాలు. తొలి రోజులలో బుట్టలో బంతి పడిన ప్రతిసారీ ఆటను కోర్టు మధ్యనుండి తిరిగి ప్రారంభించేవారు. రిఫరీ బంతిని పైకి ఎగురవేయగా ఇరుపక్షాల నుండి ఒక్కొక్కడు ఎగిరి దానిని అందుకొనేవాడు. మధ్యన నిలుచువాడు గనుక అతనికి సెంటర్ అని పేరు వచ్చింది. 1937లో ఈ ఆచారం తొలగిపోగా అతని స్థానం బుట్ట దాపునకు మారింది. ప్రత్యర్థి విసరిన బంతిని అడ్డగించడం, తగిలి వెనుదిరిగిన బంతిని అందుకోవడం, బుట్టకు వీపు పెట్టి నిలిచి బంతిని వేయడం నాటినుండి అతని విధులైనవి.

నిబంధనలే సాక్షులు

ఒక క్రీడాకారుని గొప్పతనానికి పతకాల కంటె బలమైన సాక్ష్యం మరొకటి కలదు. అతనిని నిలువరించలేక ఆట నిబంధనలనే సవరించవలసి రావడమే ఆ సాక్ష్యం. సెంటర్ల చరిత్ర అంతా ఇట్టి సవరణల చరిత్రయే.

జార్జి మైకన్ 6 అడుగుల 10 అంగుళాల పొడగరి, కళ్ళజోడు ధరించి ఆడినవాడు. అతడూ, అతని సమకాలికుడైన బాబ్ కర్లండూ బుట్టలోనికి దిగుతున్న బంతిని చేతితో తోసివేస్తూ ఉండగా, 1944లో అమెరికన్ కళాశాలల పోటీలలో అట్లు తాకరాదని శాసించారు. మైకన్ వృత్తి క్రీడలో ప్రవేశించిన తరువాత, 1951లో బుట్ట ముందరి గీతల మధ్య వెడల్పును 6 అడుగుల నుండి 12 అడుగులకు పెంచారు. ఆ గీతల నడుమ దాడి చేయు పక్షం వాడు మూడు సెకన్లకు మించి నిలువరాదు గనుక, వెడల్పు పెరిగిన కొలదీ సెంటర్ బుట్టకు దూరమవుతాడు. తరువాత విల్ట్ చాంబర్లేన్ ధాటికి తాళలేక 1964లో దానిని 16 అడుగులు చేశారు. కళాశాల విద్యార్థిగా లూ ఆల్సిండర్ చూపిన ప్రతాపం పిమ్మట 1967లో బంతిని బుట్టలోనికి పైనుండి దిగగొట్టడాన్ని నిషేధించారు. ఆ నిషేధం 1976 వరకు కొనసాగింది. ఆ యువకుడే ఇస్లాం స్వీకరించి 1971 నుండి కరీం అబ్దుల్ జబ్బార్ అను పేరుతో ప్రఖ్యాతి గాంచాడు.

ఆ నిషేధం కరీంకు మేలే చేసినదని చెప్పవచ్చును. దిగగొట్టుటకు వీలులేని అతడు, ఒంటి చేతిని ఆకాశమంత ఎత్తి బంతిని వంపుగా వదలు 'స్కైహుక్' అను విద్యకు పదును పెట్టుకున్నాడు. 7 అడుగుల 2 అంగుళాల మనిషి చేతి చివరనుండి వెలువడు ఆ బంతిని అడ్డగించుట దుస్సాధ్యమైనది.

లెక్కకు అందినవి, అందనివి

అంకెలను మాత్రమే నమ్మినచో చాంబర్లేన్‌కు ఎదురు లేదు. 1962 మార్చి 2న హెర్షీ పట్టణంలో ఒకే ఆటలో 100 పాయింట్లు సాధించాడు. ఆ సంవత్సరమంతటికీ అతని సగటు ఆటకు 50.4 పాయింట్లు. ఒక ఆటలో 55 రీబౌండ్లు అందుకున్న ఘనత కూడ అతనిదే. అయితే ఆ రోజులలో ఆట వేగం వేరు. 1961–62లో ఒక్కొక్క జట్టు ఆటకు సుమారు 108 సార్లు బంతిని బుట్టకు విసరేది. నేడు ఆ సంఖ్య 90 దరిదాపులలో ఉన్నది. తప్పిన బంతులు ఎక్కువైనప్పుడు రీబౌండ్లు కూడ ఎక్కువగును గదా! ఆనాడు ఎన్.బి.ఎ. లీగ్‌లో 9 జట్లే ఉండగా నేడు 30 ఉన్నవి. ఈ భేదాలను విస్మరించి అంకెకు అంకెను పోల్చుట న్యాయం కాదు.

మరి బిల్ రసెల్ మాట యేమి? 1956 నుండి 1969 వరకు 13 సంవత్సరాలు ఆడి, బోస్టన్ జట్టుకు 11 సార్లు విజేత పదవిని సంపాదించి పెట్టాడు. బంతిని అడ్డగించి, దానిని బయటికి పోనీయక తనవారికి అందునట్లు తాకుట అతని ప్రత్యేకత. కాని అతడెన్ని బంతులను అడ్డగించాడో ఏ రికార్డూ చెప్పలేదు. ఎన్.బి.ఎ. వారు బ్లాకులను లెక్కించుట ప్రారంభించినది 1973–74లో. అప్పటికి రసెలే కాదు, చాంబర్లేన్ కూడ క్రీడారంగం నుండి నిష్క్రమించాడు. ఈ కారణం చేతనే బ్లాకుల పట్టికలో 3,830తో ప్రథమ స్థానం హకీం ఒలాజువాన్‌కు దక్కినది, రసెల్ పేరు ఆ పట్టికలో కానరాదు.

ఈ నష్టం మన ప్రాంతం వారికి సులభంగా బోధపడుతుంది. బాపట్లలో జన్మించి, తెనాలి నాటక సమాజంలో సత్యభామగా వెలిగిన స్థానం నరసింహారావుగారికి 1956లో పద్మశ్రీ లభించింది. ఆ బిరుదు గ్రంథస్థమైనది గాని, ప్రేక్షకులను ముగ్ధులను చేసిన ఆ నడక మాత్రం చూచినవారి కన్నులతోనే పోయినది. రసెల్ అడ్డగించిన బంతులూ అట్టివే.

తరువాతి తరాలు

ఒలాజువాన్ నైజీరియాలోని లాగోస్ నగరవాసి. బాల్యంలో ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్ ఆడినందున అతని పాదాలకు అలవడిన చురుకుదనం పొడగరులలో అరుదు. 1993–94లో లీగ్ అత్యుత్తమ క్రీడాకారుడు, ఉత్తమ రక్షకుడు, తుది పోటీలలో శ్రేష్ఠుడు అను మూడు గౌరవాలనూ ఒకే సంవత్సరంలో పొందాడు. 1995 ఫిబ్రవరిలో రంజాన్ ఉపవాసాలు పాటిస్తూనే ఆడి, ఆ మాసపు ఉత్తమ క్రీడాకారునిగా ఎంపికైనాడు. క్రమశిక్షణ శరీరబలాన్ని ఎట్లు నిలుపగలదో తెలుపుటకు ఇంతకంటె ఉదాహరణ వలదు.

షకీల్ ఓనీల్ 2000 నుండి 2002 వరకు వరుసగా మూడుసార్లు తన జట్టును గెలిపించాడు. బుట్ట వద్ద అతనిని ఆపగలవారు లేకపోయినను, 15 అడుగుల దూరంనుండి నిర్విఘ్నంగా వేయవలసిన ఫ్రీ త్రోలలో సగానికి కొంచెం మించి మాత్రమే వేయగలిగాడు. సెర్బియా దేశీయుడైన నికొలా యోకిచ్ పెద్దగా ఎగరలేడు. అయినను బంతిని తోటివారికి అందించు నైపుణ్యంతో 2021, 2022, 2024 సంవత్సరాలలో అత్యుత్తమ క్రీడాకారుడైనాడు, 2023లో జట్టును విజేతగా నిలిపాడు. స్త్రీలలో సోవియట్ జట్టు సెంటర్ ఉల్యానా సెమ్యోనోవా 1976, 1980 ఒలింపిక్ క్రీడలలో స్వర్ణ పతకాలు గెలుచుకొన్నది. మన దేశం నుండి పంజాబుకు చెందిన సత్నాం సింగ్ 2015లో ఎన్.బి.ఎ. ఎంపికలో చోటు పొందిన తొలి భారతీయుడు. కేరళకు చెందిన గీతు అన్న జోస్ మహిళా సెంటర్‌గా భారత జట్టుకు పేరు తెచ్చినది.

మా నిర్ణయం

ఒక్కని పేరే చెప్పవలసి వచ్చినచో మేము కరీం అబ్దుల్ జబ్బార్ వైపు మొగ్గుతాము. 38,387 పాయింట్లు గాని, ఆరు విజయాలు గాని, ఆరుసార్లు లభించిన అత్యుత్తమ క్రీడాకారుని పురస్కారం గాని అందుకు ముఖ్య కారణం కాదు. ఆ పాయింట్ల రికార్డును 2023లో లెబ్రాన్ జేమ్స్ అధిగమించాడు కూడ. అసలు కారణం వేరు. భిన్న కాలాల వారు ఒకరినొకరు ఎదుర్కొనలేదు గనుక పోల్చలేమన్నది ఈ వాదంలోని చిక్కు. 1969 నుండి 1989 వరకు 20 సంవత్సరాలు ఆడిన కరీం ఆ చిక్కును కొంతవరకు విడదీస్తాడు. ప్రారంభంలో చాంబర్లేన్‌ను ఎదుర్కొన్నాడు, చివరలో ఒలాజువాన్‌ను ఎదుర్కొన్నాడు. 1979లో మూడు పాయింట్ల గీత వచ్చి ఆట తీరు మారినను నిలిచాడు. తుది పోటీలలో శ్రేష్ఠుడను గౌరవాన్ని 1971లో పొందిన అతడే, 14 సంవత్సరాల తరువాత, 38వ ఏట, 1985లో మరల పొందాడు.

దీనికి ప్రతివాదం లేకపోలేదు. విజయమే పరమార్థమన్నవారికి రసెల్ శ్రేష్ఠుడు. అయితే ఆ విజయాలలో కూజీ, హావ్లిచెక్ వంటి సహచరుల పాలు కూడ ఉన్నది. 1986లో ఒలాజువాన్ జట్టు కరీం జట్టును ఓడించినదన్న మాటా నిజమే. అప్పటికి కరీం వయస్సు 39 అని మాత్రం జ్ఞాపకం ఉంచుకోవాలి. పాఠకులు మాతో ఏకీభవింపకపోయినను ఏ కొలబద్దతో విభేదిస్తున్నారో చెప్పగలిగితే చాలును.

మన కర్తవ్యం

పొడగరి విద్యార్థులకు ఒక మాట. మైకన్‌కు అతని గురువు రే మేయర్ కుడిచేతితో ఒకసారి, ఎడమచేతితో ఒకసారి బుట్ట కింద బంతిని వేయు అభ్యాసం నేర్పాడు. అది నేటికీ మైకన్ పేరుతోనే చెలామణి అవుతున్నది. ఎత్తు దేవుడిచ్చినది, ఎడమచేతి నేర్పు మనం సంపాదించుకోవలసినది.

కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. పోటీలలో వాడు స్కోరు పత్రంలో పాయింట్లు, ఫౌళ్ళు మాత్రమే నమోదగును. రీబౌండ్లకు, బ్లాకులకు అందులో చోటు లేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె కళాశాలల కోర్టులపై బంతిని అడ్డగించి జట్టును కాపాడిన సెంటర్ శ్రమ, ఆట ముగియగానే మరుగున పడుతున్నది. ఒక నోటు పుస్తకం, దానిని శ్రద్ధగా నింపు ఒక విద్యార్థి ఉన్నచో ఈ లోటు తీరును. రసెల్‌కు జరిగిన నష్టం మన విద్యార్థులకు జరుగనక్కరలేదు. పదేళ్ళ తరువాత ఇదే పత్రికలో మన కళాశాల సెంటర్లలో శ్రేష్ఠులెవరని మరొకరు వ్రాయదలచినప్పుడు, వారి చేతిలో ఆ పుస్తకం ఉండాలని మా కోరిక.