ల్యాప్‌టాపునకు ధారణ చాలనపుడు

పెద్దపల్లిలో మా యింట 2018 లో కొన్న ల్యాప్‌టాపు ఒకటి కలదు. మావారు బడిపిల్లల మార్కులు దానియందే వ్రాసికొందురు. మా అమ్మాయి పాఠములును దానియందే వినును. 2025 వేసవి నాటికి అది మిక్కిలి మందగించెను. మార్కుల పట్టిక యుండగా పాఠము తెఱచినచో తెర కదలక నిలిచిపోవును. దుకాణదారుడొకడు చూచి, "అమ్మా, దీనికి కాలము చెల్లినది, క్రొత్తది కొనుడు" అనెను. బడిపంతులు జీతముతో నది తేలిక పనియా?

అవధానము చూచినవారి కీ చిక్కు సులువుగా బోధపడును. అవధాని చదివిన గ్రంథములు వేఱు. పృచ్ఛకులడిగినవన్నియు సభ ముగియువఱకు మనసున నిలుపుకొను ధారణ వేఱు. ధారణ చాలనిచో నెంత పండితుడైనను తడబడును. యంత్రమున డిస్కు గ్రంథసంచయము, ర్యాము ధారణ. విద్యుత్తు ఆగినంతనే ర్యాములోని దెల్ల తుడిచిపెట్టుకొనిపోవును. మా యంత్రమున నది 4 జీబీ మాత్రమే. విండోస్ 11 కోరు కనీసపు కొలతయు నంతియే. టాస్క్ మేనేజరున జూడగా నది యెల్లప్పుడు నిండియే యుండెను. యంత్రము ముసలిది కాలేదు, దానికి చోటు చాలలేదు.

కొన్ని పలుచని యంత్రములందు ర్యామును మదర్‌బోర్డునకే టంకము పెట్టి యతికింతురు. వానికి పెంచుట కుదరదు. మా దానియందు స్లాటొకటి ఖాళీగా నుండెను. డీడీఆర్ 3 పలకకు 204 పిన్నులు, డీడీఆర్ 4 పలకకు 260. ఒకదాని స్థానమున నింకొకటి పట్టదు. మాకు డీడీఆర్ 4 కావలసివచ్చెను. మఱి 4 జీబీ కొంటిమి. ఆ యేటి చివర కృత్రిమమేధ కేంద్రముల గిరాకివలన ర్యాము వెలలు మిక్కిలి పెరిగినవి గనుక ఇప్పుడు కొనువారు ముందుగా ధర విచారింపవలెను.

ఒక ఆదివారము అమ్మాయియు నేనును గాజులు తీసి కూర్చుంటిమి. పట్టుచీర, నైలానుచీర పనికిరావు. వాని రాపిడిని పుట్టు విద్యుత్తు ర్యామును చెఱచును. నూలుచీర కట్టి, ముందుగా ఇనుప కిటికీ చువ్వను తాకితిని. ఛార్జరు తీసి, స్క్రూలు విప్పి, బ్యాటరీ తీగ ఊడదీసితిమి. గోదావరిఖనిలో మా ఆడపడుచు నింట కొన్నాళ్లున్న యంత్రము గాన ఫ్యాను చుట్టును నల్లని ధూళి! మెత్తని కుంచెతో దులిపితిమి. పలకను ఏటవాలుగ జొనిపి క్రిందికి నొక్కి, మూత బిగించి మీట నొక్కగా తెర నల్లగానే యుండెను. నా గుండె జాఱిపోయెను. మావారు వార్తాపత్రిక దించి చూచిరి గాని యేమియు ననలేదు.

అమ్మాయి మరల విప్పి, "సగమే దిగినదమ్మా" యని గట్టిగా నొక్కెను. ఈసారి రెండువైపుల కొక్కెములును టక్కుమనెను. తెర వెలిగెను, 8 జీబీ యని కనబడెను. ఆ సాయంకాలమే మార్కుల పట్టికయు పాఠమును ఒక్కమారు నడచినవి.

ఇప్పుడు ఎదురింటివారి ల్యాప్‌టాపును విప్పెదనని అమ్మాయి తొందరపెట్టుచున్నది. వారిది టంకము పెట్టినదో కాదో ముందు చూడుమంటిని.