సముద్రం అడిగిన ప్రశ్న

పిల్లలూ, విదేశాలకు వెళ్ళినవారు ఏమి తెచ్చుకోవాలి? సి. వి. రామన్ గారు ఒక ప్రశ్న తెచ్చుకున్నారు!

చిన్నతనం విశాఖపట్నంలో గడిపిన ఆయనకు సముద్రం కొత్త గాదు. కాని 1921లో మొదటిసారి ఇంగ్లండు వెళ్ళినప్పుడు, మధ్యధరా సముద్రపు నీలం ఆయనను ఆశ్చర్యపరిచింది. అది ఆకాశపు ప్రతిబింబమేనని రేలీ అనే గొప్ప శాస్త్రజ్ఞుడు చెప్పి ఉన్నారు. పెద్దలన్న మాట గదా అని రామన్ ఊరుకోలేదు. తిరుగు ప్రయాణంలో ఓడమీద నిలబడి, చిన్న స్ఫటికపు పట్టకంతో ఆ ప్రతిబింబాన్ని తొలగించి చూశారు. నీలం పోలేదు సరిగదా, మరింత చిక్కబడింది!

నీటి అణువులు కూడా వెలుగును చెదరగొడతాయని ఆయన గ్రహించారు. (నీరు ఎరుపును పీల్చుకోవటం మరొక కారణం.) ఆ దారినే పరిశోధించి 1928లో ‘రామన్ ఫలితం’ కనుగొన్నారు, 1930లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

మీరూ కొత్త చోటికి వెళితే, చూసి ఊరుకోకండి. “ఎందుకు?” అని అడిగి, స్వయంగా పరీక్షించండి.