నేలను బట్టి బంతి

పెద్ద అంబర్‌పేట్‌లో విజయవాడ హైవే, ఔటర్ రింగ్ రోడ్డు కలిసే చోటుకి అటూ ఇటూ తిరిగితే ఫుట్‌బాల్ ఆడే నేలలు మూడు రకాలు కనిపిస్తాయి. ఇళ్లు ఇంకా కట్టని మొరం ప్లాట్లు, స్కూళ్ల సిమెంటు ఆవరణలు, గంటకింతని అద్దెకిచ్చే టర్ఫ్‌లు. పిల్లలు మాత్రం అన్నిచోట్లకీ ఒకే బంతి పట్టుకెళ్తారు. కొన్నాళ్లకే దాని పైపొర పొట్టులా లేచిపోతుంది. నాసిరకం అంటగట్టాడని షాపువాణ్ని తిట్టుకుంటారు. చాలాసార్లు ఆ బంతి మంచిదే. ఆ నేల కోసం తయారైంది మాత్రం కాదు.

బంతిని ఎంచుకోవాలంటే దాని పుట్టుక తెలియాలి. పంతొమ్మిదో శతాబ్దం సగం వరకూ ఇంగ్లండ్‌లో తోలు తొడుగు లోపల పంది మూత్రాశయం పెట్టి, నోటితో ఊది బంతి తయారు చేసేవారు. రగ్బీ పట్టణంలో చెప్పులు, బంతులు కుట్టే రిచర్డ్ లిండన్ భార్య ఆ ఊదే పనిలోనే జబ్బుపడి చనిపోయిందని చెబుతారు. అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో పేటెంట్ పొందిన వల్కనైజ్డ్ రబ్బరు అప్పటికే వాడుకలో ఉంది. లిండన్ 1862 ప్రాంతంలో రబ్బరు బ్లాడర్ చేశాడు, దాన్ని నింపడానికి ఇత్తడి పంపూ చేశాడు. 1872లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం బంతి చుట్టుకొలతను 27-28 అంగుళాలుగా నిర్ణయించింది. ఇవాళ్టి 68-70 సెంటీమీటర్లు దాదాపు అదే. బరువు 410 నుంచి 450 గ్రాములు.

లోపల రబ్బరు వచ్చినా పైన తోలు అలాగే మిగిలింది. తోలు నీళ్లు పీలుస్తుంది. వానలో ఆడేకొద్దీ బంతి బరువెక్కేది, తలతో కొట్టినవాడికి దిమ్మ తిరిగేది. బ్లాడర్ మూతి మీద బిగించే తాడు నుదుటికి గుచ్చుకునేది. ఆ తాడును వదిలించింది అర్జెంటీనాలోని బెల్ విల్ పట్టణానికి చెందిన ముగ్గురు. 1931లో లోపల దాక్కునే వాల్వుతో వాళ్లు బంతి తెచ్చారు.

అలాంటి తోలు బంతిని మనవాళ్లు వట్టి కాళ్లతో ఆడారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 2-1 తేడాతో ఓడిన భారత జట్టులో ఎక్కువమందికి బూట్లు లేవు. 1952లో హెల్సింకీ చలిలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాకే మన జట్టుకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. అప్పుడు జట్టు కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుతో 1950 నుంచి 1954 వరకూ వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిపించిన మనిషి. బలం లేని కాలితోనే బంతిని తన్నాలనే నియమంతో ఆయన పోటీలు పెట్టేవారు. నాలుగేళ్లకే, 1956 మెల్‌బోర్న్‌లో, అదే భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. బంతి, కాలు, నేల ఈ మూడూ ఒకే లెక్కలోవని రహీం శిక్షణ నుంచి నేర్చుకోవలసి ఉంది.

ప్రపంచకప్‌లో తోలు పూర్తిగా పోయింది 1986లో, అజ్టెకా అనే సింథటిక్ బంతితో. అందరికీ గుర్తుండే నలుపు తెలుపు టెల్‌స్టార్ 1970 నాటిది. 12 పంచభుజులు, 20 షడ్భుజులు కలిపి కుడితే గుండ్రదనం వస్తుంది. కుట్టు బలం కోసమే కాదు, గాలిలో దారి కోసం కూడా. అతుకుల గరుకుదనం బంతి చుట్టూ గాలి పొరను కలచి, వెనక్కి లాగే ఒత్తిడిని తగ్గిస్తుంది. 2010లో ఎనిమిది ముక్కల జబులానీకి అతుకుల పొడవు రెండు మీటర్లే, నునుపు మరీ ఎక్కువ. గోల్‌కీపర్లకు అందకుండా గాలిలో ఊగిపోయింది. 2014 బ్రజూకాకు ముక్కలు ఆరే అయినా అతుకుల పొడవు మూడు మీటర్లు దాటింది, బుద్ధిగా ఎగిరింది.

ఇక మన నేలలకు వద్దాం. మొరం మీద, సిమెంటు మీద మెత్తటి పీయూ (పాలీయురేతేన్) తొడుగు మ్యాచ్ బంతి పెట్టడం డబ్బు తగలెయ్యడమే. అక్కడికి అచ్చుపోసిన రబ్బరుదో, మందపాటి పీవీసీదో చాలు. పీయూ బంతి టర్ఫ్‌కీ గడ్డికీ ఉంచండి. చిన్న కోర్టులో ఫుట్‌సల్ ఆడేవారికి ఎగరని బంతి వేరే ఉంది. రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే అది 50-65 సెంటీమీటర్లే లేస్తుంది.

ఎనిమిదేళ్లలోపు పిల్లలకు సైజు 3, పన్నెండు దాకా 4, ఆపైన 5. చిన్నవాడికి పెద్ద బంతి కొంటే ఎక్కువ కాలం వస్తుందనుకునే తల్లిదండ్రులను చూస్తే బాధేస్తుంది. ఆ బరువుకు పిల్లవాడు తప్పు పద్ధతిలో తన్నడం నేర్చుకుంటాడు, అది తర్వాత వదలదు. ఆడపిల్లలకు చిన్నదే ఇవ్వాలనీ లేదు. నిజామాబాద్ జిల్లా ఫుట్‌బాలర్ గుగులోత్ సౌమ్య ఆడే అంతర్జాతీయ మ్యాచ్‌లలో వాడేది కూడా సైజు 5 బంతే.

గాలి సంగతికి ఎండ ముఖ్యం. నిబంధన ప్రకారం 0.6 నుంచి 1.1 వాతావరణ పీడనం. 25 డిగ్రీల దగ్గర 1.0 నింపి, మే నెలలో కారు డిక్కీలో వదిలేశారనుకోండి. లోపల 60 డిగ్రీలకు చేరితే పీడనం 1.2 దాటుతుంది. కుట్లు సాగుతాయి, జిగురు వదులవుతుంది, బంతి కోలగా మారుతుంది. మీద కూర్చున్నా అంతే. వాల్వు పక్కన అచ్చువేసిన అంకె చూసి పంపు కొట్టండి, పీడనం చూపే గేజి ఖరీదు పెద్దది కాదు. లేటెక్స్ బ్లాడర్ కాలికి హాయిగా ఉంటుంది కానీ రోజుల్లోనే గాలి తగ్గుతుంది. బ్యూటైల్ వారాల తరబడి పట్టి ఉంచుతుంది, బడికి అదే నయం.

పంపు సూదిని గ్లిజరిన్‌తో తడపకుండా గుచ్చితే వాల్వు రబ్బరు చిరుగుతుంది. ఆట అయ్యాక తడి గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టాలి, టర్ఫ్ ఇసుక అతుకుల్లో నిలవకుండా చూడాలి. టర్ఫ్ మీద పాతబడ్డ బంతిని మొరం మీదికి దింపవచ్చు. మొరం మీద గరుకెక్కిన దాన్ని మళ్లీ టర్ఫ్ మీదికి తేవద్దు. పైపొర ఒకవైపు ఎక్కువగా అరిగిన బంతి గాలిలో తిన్నగా పోదు.