కఱవు, వార్త, సత్యము : ఆంగ్లపాఠమునకు ఉపవాచకముల యెన్నిక

పత్రికయు, ఛాయాచిత్రమును, ప్రభుత్వనివేదికయు సత్యము నెట్లు చూపును, ఎట్లు మఱుగుపఱచును అను విషయమును ఆంగ్లమున నభ్యసించు విద్యార్థికి మూలగ్రంథ మొక్కటి చాలదు. దానిప్రక్క నుంచి చదువదగిన రచనలను కొన్నింటిని తానే యెన్నుకొనవలసి యుండును. అట్టివానిని మే మిచ్చట ఉపవాచకము లనుచున్నాము. ఈ యెన్నికలో తఱచుగా జరుగు పొరపా టొకటి కలదు. మూలగ్రంథము కఱవును గూర్చినదైనచో విద్యార్థి కఱవును గూర్చినవే మఱి మూడు గ్రంథములు తెచ్చును. నాలుగును ఒకేమాట చెప్పును. వ్యాసము నిండును, విచారణ మాత్రము మొదలే కాదు. ఉపవాచకము మూలమునకు వంతపాడునది కాక దానిని ప్రశ్నించునది కావలెనని మా యభిప్రాయము. అనంతపురపు పీఠభూమి నుండి ఈ మాట చెప్పుటకు మాకు ప్రత్యేక కారణము కలదు. ఈ సీమను గూర్చి ప్రచారములో నున్న వాక్యములలో కొన్నింటిని వ్రాసినవారును, నమ్మినవారును ఈ సీమవారే. అందు కొన్ని నిజములు కావు.

ఒక యుదాహరణము చూపుదుము. ఆంగ్లశాఖ విద్యార్థి యొకడు తన వ్యాసమును మాకు చూపవచ్చెను. భారతదేశమున జైసల్మేరు తరువాత మిక్కిలి తక్కువ వర్షము కురియు జిల్లా అనంతపురమే యను వాక్యముతో నది మొదలయ్యెను. ఈ వాక్యమును ఎఱుగనివారు మాలో లేరు. పత్రికలలో చదివితిమి, సభలలో వింటిమి. దాపరిక మేల, మేమును ఉపన్యాసములలో పలుమాఱు వాడితిమి. ఆధార మేమని ఆ విద్యార్థి నడుగబోయి, ఆ ప్రశ్న మమ్మును మేము వేసికొనలేదని తెలిసికొంటిమి. లెక్క చూచిన సంగతి తేటపడును. అనంతపురపు సాలుసరి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. రాజస్థానమందలి బికనీరు, బాడ్మేరు జిల్లాలలో నది 300 మిల్లీమీటర్లకు లోపలనే యుండును. హిమాలయముల కావలి లేహ్ ప్రాంతమున 100 మిల్లీమీటర్ల ప్రాంతమే. ఇక రెండవస్థాన మెక్కడిది? 2022 ఏప్రిలులో జిల్లా రెండుగా చీలి శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడెను. వాక్యము మాత్రము తాను చెప్పునది ఏ యనంతపురమో విచారింపక అట్లే తిరుగుచున్నది.

ఈ వాక్యమును పుట్టించినవారు దురుద్దేశముతో పుట్టించిరని మేము తలపము. కష్టమును ఒక్కమాటలో చెప్పవలెనన్న ఆతురతయే దీనికి మూలమై యుండవచ్చును. కాని దీనివలన కలుగు నష్టము రెండు తెఱగులు. దూరదేశపు పాఠకు డొకడు లెక్కలు సరిచూచినచో, ఈ యబద్ధముతోపాటు నిజమైన కఱవును గూడ శంకించును. అంతకన్న పెద్దనష్టము మఱొకటి. దోషమంతయు ఆకాశముపై మోపుటచే చెఱువుల పూడిక, పంటల యెంపిక, అప్పుల తీరు, కాలువల ఆలస్యము మున్నగు ప్రశ్న లడుగువాడే లేకపోవును.

అట్లని 550 అను అంకెయే పూర్ణసత్యమా? అదియు కాదు. పడమటికనుమల చాటున నుండుటచే నైరృతిఋతుపవనము ఇచ్చటికి వట్టిపోయి వచ్చును. తూర్పుతీరమునకు దూరమగుటచే ఈశాన్యఋతుపవనము చేరునప్పటికే సన్నగిలును. ఆ కురియు కొలదివానయు సమయమునకు కురియదు. ఒకకాలమున ఏడులక్షల హెక్టారులకు మించి వేరుసెనగ వేసిన నేల యిది. మావారి మాటలో చెనిక్కాయ. ఊడలు దిగు సమయమున మూడు నాలుగు వారములు చినుకు లేకపోయినచో పైరు మాడును. తరువాత అక్టోబరులో రెండురోజులు కుండపోతగా కురిసి సంవత్సరపు మొత్తము సరిపోవును. పట్టికలో ఆ సంవత్సరము సామాన్యసంవత్సరము. కళ్లములో మాత్రము కాయ లేదు. కావున వర్షపాతపు పట్టికను ఉపవాచకముగా తీసికొనుమని మేము విద్యార్థులకు చెప్పుదుము గాని, సంవత్సరపు మొత్తమును విడిచి దినదినపు లెక్క చూడుమని దానితోనే చెప్పుదుము.

మూలగ్రంథముగా పాలగుమ్మి సాయినాథుగారి ‘ఎవ్రిబడి లవ్స్ ఎ గుడ్ డ్రౌట్’ అను గ్రంథము తగియున్నది. మంచి కఱవన్న నందఱికి ప్రీతియే యని ఆ పేరునకు భావము. టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికకు వ్రాసిన వార్తలనుండి వెలువడిన యీ గ్రంథము 1996లో ప్రచురింపబడెను. ఇందలి జిల్లాలు తమిళనాడు, బీహారు, ఒడిషా, మధ్యప్రదేశములకు చెందినవి, అనంతపురము లేదు. లేకపోవుటయే మాకు మేలు. కలహండివంటి చోట వెయ్యి మిల్లీమీటర్లకు మించి వాన కురిసియు జనులు కఱవున నుండుట అందు చదివిన విద్యార్థికి, వాన తక్కువ గనుక కఱవను మన జైసల్మేరు వాక్యము సందేహాస్పదముగా తోచును. అయితే సాయినాథుగారును విలేఖరియే. ఏ గ్రామమును చూపవలె, ఏ మాటను శీర్షికగా నుంచవలె నను ఎంపిక ఆయనయు చేసినదే. ఆ యెంపికను గుర్తించుటకే ఉపవాచకములు.

వానిలో మొదటిది విలియం డిగ్బీ వ్రాసిన ‘ది ఫామిన్ కాంపెయిన్ ఇన్ సదరన్ ఇండియా’. 1878లో రెండు సంపుటములుగా వెలువడెను. 1876-78 సంవత్సరముల మహాక్షామమును, మనవారు ధాత కఱవని చెప్పుకొనునది, ఈ గ్రంథము వర్ణించును. నాడు అనంతపురము వేఱు జిల్లా కాదు. 1882 వఱకు బళ్లారి జిల్లాలోనిదే. ఆ బళ్లారి క్షామమున మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో నొకటి. 1877 జనవరిలో రాజప్రతినిధి లిట్టను పంపగా వచ్చిన రిచర్డు టెంపుల్, సహాయపు పనులలో కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, స్వల్పముగా రొక్కమును చాలునని నిర్ణయించెను. మద్రాసు పారిశుద్ధ్యాధికారి కార్నిష్ దీనిని గట్టిగా నెదిర్చెను. ఒక పౌను చాలునన్నది ఒక ప్రభుత్వపు సత్యము. చాలక శరీరములు క్షీణించుచున్నవన్నది అదే ప్రభుత్వపు వైద్యుని సత్యము. ఉభయుల వాదములును ఒకే గ్రంథమున దొరకుట విద్యార్థికి అదృష్టము. డిగ్బీ మద్రాస్ టైమ్స్ సంపాదకుడును, విరాళముల సంఘమునకు గౌరవకార్యదర్శియు నైయుండెను. ఇంగ్లండు దాతల హృదయము కరగవలె నను ప్రయోజనము ఆయనకు కలదు. ఇది దోషము కాదు, కాని మఱువరాదు.

అదే క్షామమున సైనికోద్యోగి హూపర్ తీసిన ఛాయాచిత్రములను ప్రక్కన నుంచవలెను. అస్థిపంజరములవంటి మనుష్యులను వరుసగా కూర్చుండబెట్టి తీసిన చిత్రములవి. ఆకలి నిజము, ఆ వరుస కల్పితము. ఈ చిత్రములు చూపునపుడు తరగతిలో నిశ్శబ్ద మావరించుట మే మెఱుగుదుము. ఆ నిశ్శబ్దము ముగిసిన పిమ్మటనే ప్రశ్న వేయవలెను: వారి నచ్చట కూర్చుండుమన్న వా డెవడు? దీనికి జోడుగా 1943 ఆగస్టు 22న కలకత్తా స్టేట్స్‌మన్ పత్రికలో సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ ప్రకటించిన వంగక్షామపు చిత్రములను చూపవచ్చును. క్షామ మున్నదని ప్రభుత్వము చాటని కాలమున ఆ చిత్రములు అందఱి కన్నులు తెఱపించెను. సాధన మొకటే, చేసిన పని వేఱు.

ఫ్రాన్సిస్ 1905లో కూర్చిన అనంతపురపు గెజిటీరును గూర్చి యెక్కువ చెప్పనక్కఱలేదు. పరిపాలకుడు తన తరువాతి పరిపాలకునికై వ్రాసినది గనుక అందు కన్నీరు లేదు. కన్నీరు లేని రచన యొకటి జాబితాలో తప్పక యుండవలెను.

ఇక తెలుగుది. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వంగారి ‘పెన్నేటి పాట’ 1956లో వెలువడెను. విశ్వంగారు కవి మాత్రమే కారు. ఆంధ్రప్రభ వారపత్రికా సంపాదకులు, జీవితమంతయు పత్రికలలో గడపినవారు. వార్త వ్రాయుట తెలిసిన యీయన పెన్నను గూర్చి చెప్పుటకు పద్యము నేల యాశ్రయించెను? జిల్లాలెక్కలో కనబడని యొక పేదసంసారపు బ్రతుకు కావ్యములో కనబడుచున్నది. పెన్నేటి పూర్వవైభవమును తలచుచు నేటి యెండిన యిసుకను చూపుట కవిత్వమునకు చెల్లును. ఆ పూర్వవైభవ మెంతవఱకు చరిత్రమో, ఎంతవఱకు వేదనవలన పుట్టిన కల్పనయో చర్చించుటయు విద్యార్థి పనియే. ఆంగ్లవ్యాసమున కిది పనికివచ్చునా యని అడుగువారు కలరు. పది పంక్తులు తానే యనువదించుకొనునుగాక. అనువాదము చేయువాడు ప్రతిపదమును సంశయించును, ఆ సంశయమే యీ పాఠమునకు కావలసినది.

ఆ యనువాదములోనే మా విద్యార్థికి చిక్కువచ్చెను. మనకు కఱవన్న నొక్కమాట. వాన లేకున్నను కఱవే, కూడు లేకున్నను కఱవే. అనావృష్టి, క్షామము అను శబ్దములు నిఘంటువులో నున్నను పల్లెనోట పలుకునది కఱవే. ఆంగ్లములో డ్రౌట్ వేఱు, స్కేర్సిటీ వేఱు, ఫామిన్ వేఱు. 1880 నాటి క్షామవిచారణసంఘపు నివేదిక ననుసరించి 1883లో క్షామనియమావళి యేర్పడెను. ఫామిన్ అని ప్రకటించినచో ప్రభుత్వము చేయవలసిన పనులు అందు వ్రాయబడియున్నవి. అనావృష్టి యన్నచో అంతటి బాధ్యత లేదు. పేరు మార్చిన బాధ్యతయు మాఱును. పేరులోని బలము మా సీమకు క్రొత్తది కాదు. నిజాము 1800లో నొప్పగించిన దత్తమండలములు 1928 నంద్యాల సభలో రాయలసీమ యైనవి. నేల అదియే, తలయెత్తి చెప్పుకొనుటకు పేరు దొరకెను. మహారాష్ట్రప్రభుత్వము 1963లో తన శాసనములనుండి ఫామిన్ అను శబ్దమునే తొలగించుచు ప్రత్యేకముగా చట్టము చేసెను. ఆ చిన్నచట్టము మా జాబితాలో చివరి యుపవాచకము.

ఆ విద్యార్థి తుదకు తన యాంగ్లవ్యాసమున కఱవు శబ్దము ననువదింపక అట్లే యుంచెను. అది యే చోట ఏ యాంగ్లశబ్దమునకు సరిపోవునో, ఏ చోట దేనికిని సరిపోదో మొదటిపుటలోనే వివరించెను. జైసల్మేరు వాక్యమును కొట్టివేయునని మేము తలచితిమి. కొట్టివేయలేదు, దానిని పరీక్షింపవలసిన మొదటి యుపవాచకముగా చేర్చి, ప్రక్కన నాలుగు జిల్లాల వర్షపులెక్క వ్రాసెను.