టైరుకు ఇసుక పరీక్ష

బాలలూ! మీలో హైదరాబాదు చూసినవాళ్ళు హైటెక్ సిటీ కూడా చూసే ఉంటారు. 1998లో సైబర్ టవర్స్ అనే గుండ్రని మేడ అక్కడ లేచింది. ఆ తరువాత మాదాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల దాకా అద్దాల మేడలు వరసగా వచ్చాయి. వాటిలో పనిచేసే వాళ్ళంతా బ్యాంకుల లెక్కలే చూస్తారనుకోకండి. మోటారు బండ్లను రూపొందించే ఇంజనీర్లు కూడా వారిలో ఉన్నారు. కొరియా దేశపు హ్యుందయ్ కంపెనీకి హైదరాబాదులో ఇంజనీరింగు కేంద్రం ఉన్నది. జర్మనీకి చెందిన జెడ్.ఎఫ్. కంపెనీ 2017లో నానక్‌రామ్‌గూడలో తన సాంకేతిక కేంద్రం తెరిచింది. ఈ రోజుల్లో ఒక బండి ఇంకా తయారు కాకముందే, కంప్యూటరు తెరమీద దానిని నడిపి చూడవచ్చు.

మరి అలాంటప్పుడు టైర్ల కంపెనీలవాళ్ళు కొత్త టైర్లను ఎడారికి మోసుకుపోయి, మండే ఎండలో ఇసుక దిబ్బల మీద ఎందుకు నడుపుతారు? ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే, చక్రం ఇసుకలో ఎందుకు కూరుకుపోతుందో ముందు తెలుసుకోవాలి.

ఒక తొట్టిలో పొడి ఇసుక పోసి చదును చేయండి. 9 అంగుళాల పొడవు, 4.5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం గల ఇటుకను దానిలో నిలువుగా పెట్టండి. తరువాత అదే ఇటుకను మరొకచోట పడుకోబెట్టండి. ఇటుక బరువు మారలేదు. కాని నిలువుగా పెట్టినప్పుడు ఆ బరువంతా 13.5 చదరపు అంగుళాల ఇసుక మీద పడింది. పడుకోబెట్టినప్పుడు 40.5 చదరపు అంగుళాల మీద పడింది. అంటే ఒక్కొక్క అంగుళం మీద పడే బరువు మూడో వంతుకు తగ్గింది. అందుకే రెండోసారి ఇటుక అంతగా దిగదు. ఒంటె ఎడారిలో సులభంగా నడవటానికి ఒక కారణం ఇదే. దాని పాదం మెత్తగా ఉండి, అడుగు వేసినప్పుడు వెడల్పుగా పరుచుకుంటుంది.

టైరు సంగతి కూడా ఇంతే. 2,000 కిలోల బరువు గల ఒక జీపు ఉన్నదనుకోండి. ఒక్కొక్క చక్రం మీద 500 కిలోలు, అంటే సుమారు 1,100 పౌన్ల బరువు పడుతుంది. టైరులో గాలి చదరపు అంగుళానికి 35 పౌన్ల ఒత్తిడితో ఉంటే, ఆ టైరు సుమారు 31 చదరపు అంగుళాల మేర నేలను తాకుతుంది. కొంత గాలి తీసివేసి ఒత్తిడిని 15 పౌన్లకు తగ్గిస్తే, టైరు కిందివైపు చదునై, సుమారు 73 చదరపు అంగుళాల మేర తాకుతుంది. టైరు గోడల బిగువు వల్ల ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి గాని, అసలు సూత్రం ఇదే. గాలి తగ్గిన టైరు ఒంటె పాదం వంటిది.

ఈ కిటుకును బాగా వాడుకున్నవాడు రాల్ఫ్ బాగ్నోల్డ్ అనే ఆంగ్లేయ సైనిక ఇంజనీరు. ఆయన 1920ల చివరనుంచి 1930ల దాకా లిబియా ఎడారిలో మామూలు ఫోర్డు కార్ల మీద వందల మైళ్ళు తిరిగాడు. కార్లు ఇసుకలో దిగబడితే టైర్లలో గాలి తగ్గించేవాడు. చక్రాల కింద ఉక్కు పట్టీలు పరిచేవాడు. ఇసుక గాలికి ఎలా కదులుతుందో, దిబ్బలు ఎలా ఏర్పడతాయో పరిశోధించి 1941లో ఒక గ్రంథం కూడా ప్రచురించాడు.

మన పల్లెల్లోనూ ఇటువంటి మార్పే జరిగింది. ఇనపపట్టా చక్రాల బండి ఏటి ఇసుకలో దిగితే ఎడ్లు ఎంత అవస్థ పడేవో మీ తాతగారిని అడగండి. టైరు బండి వచ్చాక వాటి మెడ మీద భారం ఎంత తేలికయిందో కూడా ఆయనే చెబుతారు.

ఇక పరీక్ష సంగతి చూద్దాం. ఇసుక దిబ్బలు మన వైపు కూడా లేకపోలేదు. అనంతపురం జిల్లాలో కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతాల్లో వేదవతి నది ఇసుకను గాలి ఎత్తిపోసి దిబ్బలు కట్టింది. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్ళ నాటివి; వాటిని మనం కాపాడుకోవాలే గాని, వాటిమీద బండ్లు నడపరాదు. టైర్లను పరీక్షించటానికి పెద్ద ఎడారులే కావాలి. అక్కడి దిబ్బకు రెండు ముఖాలు ఉంటాయి. గాలి వచ్చే వైపు వాలు తక్కువగా ఉండి, ఇసుక కొంత గట్టిగా ఉంటుంది. గాలి చాటు వైపు వాలు సుమారు 34 డిగ్రీలు ఉండి, ఇసుక వదులుగా జారుతుంది. ఒక ముఖం మీద నెగ్గిన టైరు రెండో ముఖం మీద ఓడిపోవచ్చు.

పరీక్ష చేసేవాళ్ళు కొత్త టైరును ఒక్కదాన్నే నడిపి "బాగున్నది" అని రాయరు. గుణం ముందే తెలిసిన మరొక టైరును దాని పక్కన పెట్టి పోలుస్తారు. బండి, డ్రైవరు, బరువు, గాలి ఒత్తిడి—అన్నీ రెండింటికీ ఒక్కటే ఉండాలి. ఒకసారి చక్రాలు తిరిగిన ఇసుక చెదిరిపోతుంది గనుక ప్రతిసారీ చెదరని ఇసుక వెతుక్కోవాలి. బండి వెనక మరొక బండిని కట్టి, టైర్లు ఎంత బలంగా లాగగలవో యంత్రంతో కొలుస్తారు. చక్రం ఎన్ని అంగుళాలు దిగిందో చూస్తారు. ఆగిన బండి మళ్ళీ కదలగలదా, దిబ్బ ఎక్కగలదా అని చూస్తారు. ఇదంతా మళ్ళీ మళ్ళీ చేస్తే గాని ఫలితం నమ్మరు. బురదలో బాగా పట్టే లోతైన గాడుల టైరు, పొడి ఇసుకలో ఒక్కొక్కసారి పారలాగా తవ్వుకుంటూ కిందికి దిగిపోతుందని ఇటువంటి పరీక్షల్లోనే తేలుతుంది.

గాలి తగ్గించటం మంచిదే అయితే ఇంకా ఇంకా తగ్గించరాదా? తగ్గించరాదు. మరీ తగ్గితే, మలుపు తిరిగేటప్పుడు టైరు అంచు రిమ్ము నుంచి ఊడిపోతుంది. అంతేకాదు, గాలి తగ్గిన టైరుతోనే తారురోడ్డు ఎక్కి వేగంగా పోతే, టైరు గోడలు మాటిమాటికీ వంగి, వేడెక్కి, పగిలిపోయే ప్రమాదం ఉన్నది. ఇసుక దాటగానే మళ్ళీ గాలి నింపుకోవాలి. కరీంనగరు, జగిత్యాల, నిజామాబాదు వైపు నుంచి ఎందరో గల్ఫు దేశాలకు పనికి వెళ్ళారు; వారిలో డ్రైవర్లూ ఉన్నారు. ఆ దేశాల్లో వేసవి మధ్యాహ్నం ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అటువంటి చోట చక్రం కూరుకుపోయి, తెచ్చుకున్న నీళ్ళు అయిపోతే మనిషి ప్రాణానికే ముప్పు. మీ బాబాయో, మేనమామో నడిపే బండి టైరు ఎంతవరకు నమ్మదగినదో ముందుగా ఎవరో ఒకరు పరీక్షించి ఉండాలి.

కంప్యూటరు ఈ పని పూర్తిగా ఎందుకు చేయలేదు? 1979లో కుండాల్, స్ట్రాక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇసుక వంటి పదార్థాలలో ఒక్కొక్క రేణువు కదలికనూ విడిగా లెక్కకట్టే పద్ధతిని ప్రకటించారు. నేటికీ ఇంజనీర్లు దానిని వాడుతున్నారు. కాని ఒక్క ఘన సెంటీమీటరులోనే సన్నని ఇసుక రేణువులు పదుల వేలు పడతాయి. టైరు కింద ఉన్న రేణువులన్నిటికీ లెక్క కట్టటం మహా కంప్యూటర్లకైనా తలకు మించిన పని. అందుకని రేణువులు అసలుకన్నా పెద్దవని అనుకుని లెక్క వేస్తారు. రేణువుకూ రేణువుకూ మధ్య రాపిడి ఎంతో కూడా కంప్యూటరుకు మనమే చెప్పాలి. ఆ అంకె నిజమైన ఇసుకను కొలిస్తేనే వస్తుంది. వంద రకాల టైర్లలో పనికిరానివాటిని కంప్యూటరు ముందే ఏరి పక్కన పెట్టగలదు. మిగిలిన నాలుగింటిలో మంచిది ఏదో దిబ్బ మీదే తేలాలి.

2005లో అంగారక గ్రహం మీద ఆపర్చునిటీ అనే అమెరికా యంత్రశకటం ఒక ఇసుక దిబ్బలో కూరుకుపోయింది. గాలి తీయటానికి దానివి గాలి టైర్లు కావు. తోయటానికి అక్కడ మనిషీ లేడు. అప్పుడు ఇంజనీర్లు భూమి మీద ఇసుక, బంకమట్టి వంటివి కలిపి, అటువంటి నేలను తయారుచేసి, అటువంటి బండినే దానిలో దింపి, బయటికి తీసే ఉపాయాలు పరీక్షించారు. కొన్ని వారాలు కొంచెం కొంచెంగా చక్రాలు తిప్పిన తరువాత ఆపర్చునిటీ బయటపడింది. 2009లో దాని జోడు స్పిరిట్ మరొకచోట దిగబడినప్పుడు కూడా ఇలాగే పరీక్షలు చేశారు. ఎంత చేసినా అది మాత్రం బయటికి రాలేదు.

ఇటుక పరీక్షను మీరు కూడా చేయండి. నిలువుగా మూడుసార్లు, పడుకోబెట్టి మూడుసార్లు పెట్టి, ఎంత దిగిందో ప్రతిసారీ స్కేలుతో కొలిచి నోటుబుక్కులో రాయండి. ప్రతిసారీ ఇసుకను మళ్ళీ చదును చేయటం మరవకండి. తరువాత ఇసుకను కొద్దిగా తడిపి, అదే పరీక్ష మళ్ళీ చేయండి. తడి ఇసుకలో ఏమి జరుగుతుందో నేను ముందుగా చెప్పను. ఒక్క హెచ్చరిక మాత్రం: మేడలు కట్టేచోట పోసిన ఇసుక గుట్టలు ఎక్కవద్దు, అవి జారితే ప్రమాదం. పెద్దలను అడిగి ఒక తొట్టెడు ఇసుక తెచ్చుకుంటే మీ పరీక్షకు చాలు.