ఫంక్షనల్ భాషల్లో స్వీయ ఆపరేటర్లు – కోడ్ ఎడిటర్ల గుర్తింపు సమస్య: ‘తూము’ చిహ్నం ఆధారంగా పరిశీలన

ఉపోద్ఘాతం:

కూడిక, గుణకారం వంటి పరిక్రియలకు గుర్తులు గణితంలో ముందే స్థిరపడి ఉన్నాయి. హాస్కెల్ వంటి ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషలు కొత్త గుర్తులను కల్పించుకునే స్వేచ్ఛను ప్రోగ్రామర్‌కే ఇస్తాయి. అయితే కంపైలర్ గుర్తించిన ఆపరేటర్‌ను కోడ్ ఎడిటర్ గుర్తించలేకపోవడం తరచూ ఎదురయ్యే సమస్య. దాని మూలాలను ఒక తెలుగు ఉదాహరణతో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

తూము – ఒక ఆపరేటర్‌గా:

సంప్రదాయ ధాన్యమానంలో ఇరవై తూములు ఒక పుట్టి. తూమును సూచించే ౿ గుర్తు 2008లో వెలువడిన యూనికోడ్ 5.1లో చేరింది. యూనికోడ్ దీనిని అక్షరంగా కాక చిహ్నంగా వర్గీకరించింది. హాస్కెల్ 2010 నివేదిక యూనికోడ్ చిహ్నాలతో ఆపరేటర్లను నిర్మించుకోవడానికి అనుమతిస్తుంది. అందువల్ల ౿ ఆ భాషలో చెల్లుబాటయ్యే ఆపరేటర్ అవుతుంది.

అనంతపురం ప్రాంతంలో కరవుకు నెలవైన గుమ్మఘట్ట పరిసరాల పాత ధాన్యపు లెక్కలను ఒక పరిశోధకుడు కంప్యూటరీకరిస్తున్నాడని భావిద్దాం. ఎడమవైపు పుట్లను, కుడివైపు తూములను తీసుకొని మొత్తం తూములను ఇచ్చేలా అతడు ౿ను నిర్వచించాడనుకుంటే, 3 ౿ 5 విలువ 65 అవుతుంది.

గుర్తింపులో రెండు దశలు:

మొదటిది రూపానికి సంబంధించినది. అనేక ఎడిటర్లు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల ఆధారంగా కోడ్‌కు రంగులద్దుతాయి. ఆ నియమాల్లో ఆస్కీ చిహ్నాలను మాత్రమే పేర్కొంటే ౿ ఆపరేటర్‌గా కనిపించదు. ఇది కంటికి కనిపించే లోపం. నియమాన్ని సవరిస్తే తొలగిపోతుంది.

రెండవది అర్థానికి సంబంధించినది. ప్రాధాన్యాన్ని ప్రకటించని ఆపరేటర్‌కు హాస్కెల్ అత్యున్నత స్థాయి అయిన 9ని, ఎడమ సాహచర్యాన్ని ఇస్తుంది. అప్పుడు 2 * 3 ౿ 5 అంటే 2 * (3 ౿ 5), విలువ 130. ప్రోగ్రామర్ ౿కు కూడికతో సమానమైన 6వ స్థాయిని ప్రకటిస్తే అదే వాక్యం (2 * 3) ౿ 5గా మారుతుంది, విలువ 125. ఆ ప్రకటన వేరొక ఫైలులో ఉంటే, తెరిచిన ఫైలును మాత్రమే చదివే సాధనానికి అది తెలియదు. అలాంటి సాధనం 2 * (3 ౿ 5)లోని కుండలీకరణాలను అనవసరమని తొలగిస్తే లెక్కలో ఐదు తూములు, అంటే పావు పుట్టి, తగ్గుతుంది. కంపైలర్ ఏ దోషాన్నీ చూపదు.

భాషల భిన్న మార్గాలు:

ఓకామల్, ఎఫ్‌షార్ప్ భాషల్లో ఆపరేటర్ ప్రాధాన్యం ప్రధానంగా దాని ప్రారంభ చిహ్నాన్ని బట్టి నిర్ణయమవుతుంది. ప్రోగ్రామర్ స్వేచ్ఛ కొంత తగ్గినా, ఒక్క ఫైలును చూసే సాధనం కూడా వాక్య నిర్మాణాన్ని సరిగ్గా గ్రహించగలదు. హాస్కెల్, స్విఫ్ట్ భాషలు ప్రాధాన్యాన్ని ప్రకటించే అధికారాన్ని ప్రోగ్రామర్‌కే వదిలాయి. ఆ స్వేచ్ఛ భారం సాధనాలపై పడుతుంది.

పరిష్కార దిశలు:

మైక్రోసాఫ్ట్ 2016లో ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ వల్ల ఎడిటర్ తానే ఊహించనవసరం లేకుండా, భాషను ఎరిగిన సర్వర్‌ను అడిగి తెలుసుకోవచ్చు. హాస్కెల్ లాంగ్వేజ్ సర్వర్ ఈ పద్ధతిలోనే కంపైలర్ పరిజ్ఞానాన్ని ఎడిటర్‌కు అందిస్తుంది. హెచ్‌లింట్ వంటి సాధనాల్లో ఆపరేటర్ ప్రాధాన్యాన్ని విన్యాస ఫైలులో విడిగా తెలియజేసే వీలుంది.

ముగింపు:

రంగు మారకపోవడం చిన్న లోపమే. ప్రాధాన్యాన్ని తప్పుగా ఊహించడం ఫలితాన్నే మారుస్తుంది. కనుక స్వీయ ఆపరేటర్‌ను నిర్వచించేవారు దాని ప్రాధాన్యాన్ని నిర్వచనం పక్కనే ప్రకటించడం, సందేహానికి తావున్నచోట కుండలీకరణాలు ఉంచడం, వాటిని సాధనం తొలగించబోతే సర్వర్ సమాధానంతో సరిచూసుకోవడం అవసరం. పాత కొలతలను కొత్త యంత్రాలకు అప్పగించే పరిశోధనల్లో ఈ జాగ్రత్తకు మరింత ప్రాధాన్యముంది.