కోడిపిల్లల్లో పుంజేది? పెట్టేది?



ఇంటి వెనక నాలుగు కోళ్లు పెంచుకునే ప్రతి ఇల్లాలికీ ఒక సందేహం ఉంటుంది. గంప కింద కిచకిచలాడే ఈ పిల్లల్లో పెట్టలెన్ని, పుంజులెన్ని? సంతలో పిల్లల్ని కొనేటప్పుడూ ఇదే ప్రశ్న. అమ్మేవాడు "అన్నీ పెట్టలేనమ్మా" అంటాడు. ఇరవై పిల్లల్ని తెచ్చుకుని మూడు నెలలు నూకలు, తవుడు పెట్టి సాకుతారు. తీరా ఒక తెల్లవారుజామున ఒకటి కూస్తుంది, మర్నాడు ఇంకొకటి కూస్తుంది. గుడ్లు అమ్మి పిల్లల పుస్తకాలకు డబ్బు కూడబెడదామనుకున్న ఆమెకు మిగిలేది పుంజుల గుంపు.

సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు సంత భాష కూడా ఒకటి కాదు. మన పుంజునే కన్నడంలో హుంజ అంటారు, తమిళంలో సేవల్ అంటారు, మరాఠీలో కోంబడా అంటారు. పేరు ఏదైనా పిల్లగా ఉన్నప్పుడు గుర్తుపట్టడంలో చిక్కు మాత్రం అన్నిచోట్లా ఒక్కటే.

ముందుగా మన ఊళ్లలో వినిపించే నమ్మకాల సంగతి చూద్దాం. కోసుగా ఉన్న గుడ్డు పుంజు, గుండ్రంగా ఉన్నది పెట్ట అంటారు. సూదికి దారం కట్టి గుడ్డు మీద వేలాడదీసి, అది ఊగే తీరును బట్టి చెబుతారు. పిల్లను కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తి చూస్తారు. వీటిలో ఏదీ నమ్మదగినది కాదు. గుడ్డు ఆకారం దాన్ని పెట్టిన కోడిని బట్టి ఉంటుంది. ఒక కోడి అన్నీ కోసు గుడ్లే పెడుతుంది, అయినా వాటిలోంచి పుంజులూ వస్తాయి, పెట్టలూ వస్తాయి.

మరి ఈ పద్ధతులు ఒక్కోసారి నిజమైనట్టు ఎందుకు అనిపిస్తుంది? పుంజు, పెట్ట సుమారు సగం సగం పుడతాయి కనుక కళ్లు మూసుకుని చెప్పినా పదింటిలో అయిదు సరిపోతాయి. సరిపోయినవే మనకు గుర్తుంటాయి. సగం సగం అన్నంత మాత్రాన ప్రతిసారీ సరిగ్గా సగం రావు. పది పిల్లల్లో సరిగ్గా అయిదు పెట్టలు ఉండటం నాలుగు విడతల్లో ఒక విడతే జరుగుతుంది. మిగతాసార్లు నాలుగో, ఆరో, మూడో, ఏడో వస్తాయి.

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. మనుషుల్లో బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమును బట్టి ఉంటుంది. కోళ్లలో ఇది తల్లి వైపు నుంచి నిర్ణయమవుతుంది. ఈ సంగతిని ఆధారం చేసుకునే శాస్త్రజ్ఞులు మొదటి రోజునే గుర్తుపట్టే ఉపాయాలు కనిపెట్టారు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఎర్రని రోడ్ ఐలాండ్ రెడ్ పుంజును, ఒంటి నిండా తెలుపు నలుపు చారలుండే ప్లిమత్ రాక్ పెట్టతో జత కలిపితే పుట్టే పిల్లలన్నీ నల్లగానే ఉంటాయి. కాని పుంజుపిల్లల నడినెత్తిన తెల్లని మచ్చ ఉంటుంది, పెట్టపిల్లలకు ఉండదు. చారల గుణాన్ని తల్లి కొడుకులకే ఇస్తుంది, కూతుళ్లకు ఇవ్వదు. అందుకే ఈ తేడా. అదే చారల పుంజును ఎర్ర పెట్టతో కలిపితే అన్నిటికీ మచ్చ వస్తుంది, ఉపాయం పనిచేయదు. ఆ నల్లపిల్లలనే పెంచి వాటి పిల్లల్లో మచ్చ వెదికినా లాభం లేదు.

రెండో ఉపాయం రెక్క ఈకలు. కొన్ని సంకర జాతుల్లో మొదటి రోజున రెక్కను విప్పి చూస్తే, పెట్టపిల్లలో కింది వరుస ఈకలు పొడవుగా, పై వరుసవి పొట్టిగా ఉంటాయి. పుంజుపిల్లలో రెండు వరుసలూ సమానంగా గాని, కింది వరుస పొట్టిగా గాని ఉంటాయి. దీనికోసమే తల్లిదండ్రుల్ని ఎంచి తయారుచేసిన జాతుల్లోనే ఇది చెల్లుతుంది, అదీ మొదటి రెండు మూడు రోజులే. మన నాటుకోడి పిల్లల రెక్క చూసి తీర్పు చెప్పకూడదు.

మూడోది మలద్వారం పరీక్ష. 1920లలో జపాను శాస్త్రజ్ఞులు దీన్ని బయటపెట్టారు. ఆరితేరినవారు గంటకు వందల పిల్లల్ని వేరుచేస్తారు. కాని దీనికి చాలాకాలం శిక్షణ కావాలి. తెలియనివారు నొక్కితే పిల్ల చచ్చిపోవచ్చు. ఇంట్లో ఎవరూ ప్రయత్నించవద్దు.

ఇలా హేచరీల్లో వేరుచేసినప్పుడు, గుడ్ల జాతి మగపిల్లలు వారికి అక్కరకు రావు. తిరునాళ్లలో, వీధుల్లో ఆకుపచ్చ, గులాబీ రంగులు అద్ది చవకగా అమ్మే పిల్లల్లో ఎక్కువభాగం అవే. కనుక వాటి నుంచి గుడ్లు ఆశించకండి.

ఇక మన పెరటి కోళ్ల సంగతి. నాటు పిల్లల్ని, అలాగే వనరాజా, గిరిరాజా వంటి పెరటి రకాల్ని చాలాచోట్ల పుంజు పెట్ట కలిపే ఇస్తారు. వీటిని వయసు మీదనే గుర్తుపట్టాలి.

నాలుగు నుంచి ఆరు వారాల మధ్య జుట్టు చూడండి. పుంజుపిల్లకు జుట్టు త్వరగా పెరిగి గులాబీ రంగుకు తిరుగుతుంది. పెట్టపిల్లకు చిన్నగా, పసుపుగా ఉండిపోతుంది. పుంజు కాళ్లు లావు. బరువు జాతుల్లో పుంజుకు వీపు మీద, తోక దగ్గర ఈకలు ఆలస్యంగా వస్తాయి. ఎప్పుడూ ఒకే విడతలో పుట్టిన పిల్లల్ని పక్కపక్కన పెట్టి పోల్చండి.

జాతిని బట్టి జాగ్రత్త కూడా మారుతుంది. అసీల్, అంటే మన పందెం కోడికి, జుట్టు పుట్టుకతోనే చిన్నది, తలకు అంటుకుని ఉంటుంది. పెట్ట కూడా నిటారుగా, బలంగా నిలబడుతుంది. కనుక ఈ జాతిలో జుట్టునూ నడకనూ నమ్మి తొందరపడకూడదు. కడక్‌నాథ్‌కు జుట్టు నల్లగా ఉంటుంది. ఎరుపు కోసం చూస్తే మోసపోతాం, దాని పరిమాణం చూడాలి.

అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు పది నుంచి పద్నాలుగు వారాల మధ్య వస్తుంది. తోక మొదట్లో, నడుము రెండు పక్కలా కిందికి జారే ఈకల్ని వేళ్లతో విప్పి చూడండి. సన్నగా, పొడవుగా, కొన మొనదేలి మెరుస్తూ ఉంటే పుంజు. కొన గుండ్రంగా ఉంటే పెట్ట. మెడ ఈకలూ ఇంతే. ఈ గుర్తు నాటుకోడికీ, అసీల్‌కూ, కడక్‌నాథ్‌కూ కూడా పనికివస్తుంది.

ఈ పరీక్ష ఎందుకు ముఖ్యమంటే, గుడ్లకు వచ్చే ముందు పెట్టకు కూడా జుట్టు ఎర్రబడుతుంది. దాన్ని పుంజనుకుని పండగకు కోయించేస్తే, నాలుగైదు నెలలు మేపి సరిగ్గా గుడ్డు పెట్టే వేళకు పోగొట్టుకున్నట్టే. అమ్మే ముందు ఒక్కసారి నడుము ఈకలు చూడండి.

చివరగా మూడు మాటలు. పిల్లల్ని కొనేటప్పుడు "వేరుచేసినవా, కలిపినవా" అని అడగండి. కలిపినవైతే సగమే పెట్టలని లెక్క వేసుకుని ధర మాట్లాడండి. ఇంట్లో మీకు పుంజని తోచిన పిల్ల కాలికి ఎర్రదారం వదులుగా కట్టి, కాలు పెరిగేకొద్దీ మారుస్తూ ఉండండి. మూడు నెలల తర్వాత ఎన్ని సరిపోయాయో చూసుకుంటే మీ కన్ను ఎంత కుదిరిందో మీకే తెలుస్తుంది. ఎనిమిది పది పెట్టలకు ఒక మంచి పుంజును ఉంచుకుని మిగతావాటిని పండగ ధర చూసి అమ్ముకోండి. ముందే లెక్క తెలిసిన ఇంట్లో పుంజు కూడా నష్టం కాదు.